మద్యవిముక్తి, బధిరుల భాష

జంషెడ్‌పూర్ పట్టణపు అంచున, సువర్ణరేఖానది దరిని భుయ్యాడీహ్ అను బస్తీ ఉన్నది. హిందీలో ‘డీహ్’ అనగా పూర్వమెన్నడో జనులు నివాసమేర్పరచుకొన్న మెట్టనేల. పేరులోని పల్లెదనము నేటికిని నిలిచియున్నను, దాని చుట్టును పట్టణము పెరిగిపోయినది. 1907లో టాటావారి ఇనుము ఉక్కు కంపెనీ ఏర్పడినది. 1912 ఫిబ్రవరి 16వ తేదీన సాక్చీలోని కర్మాగారమున మొదటి ఉక్కు దిమ్మె తయారైనది. 1919లో ఆ ఊరికి జంషెడ్‌పూర్ అనియు, కాలీమాటీ రైలుస్టేషనుకు టాటానగర్ అనియు పేర్లు పెట్టినారు. బెంగాల్ నాగపూర్ రైలుమార్గము వెంట శ్రీకాకుళము, విజయనగరము, విశాఖపట్టణము ప్రాంతములనుండి తెలుగువారు ఈ ఉక్కునగరమునకు పనికై వచ్చి, తరతరములుగా ఇక్కడనే స్థిరపడినారు. ఇంటిలో తెలుగు, వీధిలో హిందీ, ఇరుగుపొరుగున బెంగాలీ, సంతాలీ, ఒడియా: ఈ పట్టణపు పనివాడలలో పెరిగిన బిడ్డకు పుట్టుకతోనే నాలుగైదు భాషల సవ్వడి చెవిని పడుతుంది.

అయితే ఏ సవ్వడియు చెవిని పడని బిడ్డలును ఈ వాడలలో పుట్టుదురు. వారు పెరిగి పెద్దవారై, తక్కినవారివలెనే కష్టపడి, తక్కినవారివలెనే కొందరు మద్యమునకు లోబడినప్పుడు, వారు దానినుండి బయటపడుటకు ఏ దారి ఉన్నదన్న ప్రశ్నయే ఈ వ్యాసమునకు విషయము. ఇది పైకి చిన్న ప్రశ్నగా కనిపించును. కాని మద్యవిముక్తి అను ప్రయత్నము గత నూరేండ్లలో ఎట్లు నడచినదో, బధిరుల విద్య ఎట్లు నడచినదో ఒకచోట చేర్చి చూచినగాని దీనికి సమాధానము దొరకదు. ఈ రెండు చరిత్రలును వేర్వేరు గ్రంథములలో ఉన్నవి. బాధపడు మనిషి జీవితములో మాత్రము అవి కలిసియే ఉన్నవి.

మొదట మద్యపు మాట. ఛోటానాగపూర్ ప్రాంతమున హడియా అను బియ్యపు కల్లు అనాదినుండి ఉన్నది. వండి చల్లార్చిన అన్నములో ‘రాను’ అను మూలికల బిళ్లలను కలిపి కొన్ని దినములు పులియబెట్టుదురు. పండుగలకును, పితృదేవతల అర్చనకును అది ఆదివాసుల ఆచారములో భాగము. ఇప్పపూలనుండి తీయు మహువా సారాయి దానికంటె ఘాటైనది. కర్మాగారములు వచ్చి, వారపు జీతములు వచ్చి, పండుగనాటి పానీయము ప్రతిదినపు పానీయమైనది. సంతలలో హడియా అమ్ముకొని బ్రతుకు స్త్రీలకు వేరు జీవనోపాధి కల్పింపదలచి జార్ఖండ్ ప్రభుత్వము 2020లో ఫూలో ఝానో పేరిట ఒక పథకమునే ప్రారంభించినది. దేశము మొత్తముమీద చూచినను పరిస్థితి తేలికైనది కాదు. 2019లో వెలువడిన జాతీయ సర్వే ప్రకారము దేశములో సుమారు 16 కోట్లమంది మద్యము సేవించుచున్నారు. మద్యపు సమస్యలకు సహాయము అవసరమైనవారు 5 కోట్ల 70 లక్షలు. మద్యమునకు బానిసలైనవారిలో 38 మందికి ఒక్కరికి మాత్రమే ఏదో ఒక చికిత్స అందినది. వినగలిగినవారి స్థితియే ఇట్లున్నప్పుడు, వినలేనివారి మాట చెప్పవలసిన పనిలేదు.

బధిరులందరు ఒకే తీరువారు కారు. ఈ విషయమును మొదటనే గుర్తింపవలెను. పుట్టుకతోనో, పసితనముననో వినికిడి పోయినవారు ఒక తెగ. చిరకాలము విని, మాటాడి, నడివయస్సులో వినికిడి పోగొట్టుకొన్నవారు మరియొక తెగ. ఉక్కునగరములలో ఈ రెండవ తెగను మరువరాదు. సుత్తుల దెబ్బలు, రేకుల రొద, కొలుముల హోరు మధ్య ఏండ్ల తరబడి పనిచేసినవారికి లోచెవిలోని సున్నితమైన కణములు నశించును. అవి మరల మొలవవు. ఎనిమిది గంటల పనిదినమునకు 90 డెసిబెల్ల శబ్దమును మించరాదని కర్మాగారముల నియమములు చెప్పుచున్నవి. శబ్దమువలన కలిగిన చెవుడు మన కార్మిక చట్టములలో వృత్తిరోగముగా చేరియున్నది. ఇట్టివారికి భాష ఉన్నది, వినికిడి లేదు. వారు తెలుగో హిందీయో చదువగలరు. వారికి కావలసినది వ్రాత. మొదటి తెగవారికి వ్రాతకూడ పరాయిభాషయే. వారికి కావలసినది సైగల భాష. ఈ భేదమును గుర్తింపక, ఒక కరపత్రము ముద్రించి ‘బధిరులకు సౌకర్యము చేసితిమి’ అనుకొన్నచో సగము మందికి తలుపు మూసినట్లే. 2011 జనగణనలో వినికిడి లోపము కలవారు 50 లక్షలకు పైబడి లెక్కకు వచ్చినారు. ఆ ఒక్క సంఖ్యలోనే ఈ రెండు తెగలవారును కలిసియున్నారు.

ఇప్పుడు మద్యవిముక్తి చరిత్రకు వత్తము. 1935 మే నెలలో అమెరికాలోని ఏక్రన్ పట్టణమున బిల్ విల్సన్ అను వాటాల వ్యాపారియు, బాబ్ స్మిత్ అను శస్త్రవైద్యుడును కలిసికొన్నారు. ఇద్దరును తాగుడు మానలేక అల్లాడినవారే. ఒకరి కథ ఒకరు వినుటచేత, ఒకరి మాట ఒకరికి ఊతమగుటచేత, తాగకుండ దినములు గడపవచ్చునని వారు కనుగొన్నారు. ఆల్కహాలిక్స్ అనానిమస్ అను సంఘమునకు అదియే నాంది. 1939లో వారి గ్రంథము వెలువడినది. 1957లో ఆ సంఘము బొంబాయిలో అడుగుపెట్టినది. 1980లో శాంతి రంగనాథన్ మద్రాసులో స్థాపించిన సంస్థ, తాగేవానికే గాక అతని కుటుంబమునకును చికిత్స కావలెనన్న దృష్టిని మన దేశములో నాటినది. ఈ ప్రయత్నములన్నిటిలోను ఒక సామాన్యలక్షణము ఉన్నది. అవి నోటితో చెప్పి, చెవితో విను పద్ధతిమీద నడచినవి. గుండ్రముగా కూర్చుండి ఒకరి కథ ఒకరు వినుట, వైద్యుని సలహా వినుట, భార్యాబిడ్డల ఆవేదన వినుట: ఇవియే మందులు. నేడు ప్రభుత్వమువారు వ్యసనపీడితులకొరకు ఏర్పరచిన 14446 అను సంఖ్యకూడ టెలిఫోను సంఖ్యయే. భుయ్యాడీహ్‌లోని బధిరుడు ఆ సంఖ్యను గోడమీద చూడగలడు. దానితో మాటాడలేడు.

‘వినలేకపోయిన నేమి, చదువుకొనవచ్చును గదా’ అని కొందరు అందురు. ఈ మాటకు జవాబు బధిరవిద్యా చరిత్రలో ఉన్నది. పదునెనిమిదవ శతాబ్దపు ఉత్తరార్ధమున పారిసులో అబ్బే ద లెపే అను మతాచార్యుడు బధిరుల చేతిసైగలనే ఆధారముగా గొని పాఠశాల నడపెను. కాని 1880లో ఇటలీలోని మిలాన్ నగరమున సమావేశమైన ఉపాధ్యాయులు, బధిర బాలురకు నోటి మాటతోనే చదువు చెప్పవలెననియు, సైగలు విడువవలెననియు తీర్మానించినారు. ఆ సభలో వినగల ఉపాధ్యాయులే మిక్కిలిగా ఉండిరి. ఎవరినిగూర్చి తీర్మానించిరో వారికి అందు చెప్పుకొనదగిన భాగము లేదు. మన దేశమున బొంబాయిలో 1885లోను, కలకత్తాలో 1893లోను బధిరుల పాఠశాలలు వెలసినవి. అవి వెలసినది మిలాన్ నీడ లోకమంతట పరచుకొన్న కాలమున. పెదవుల కదలిక చూచి మాటను గ్రహించుటకే బాల్యమంతయు వెచ్చించిన పిల్లలలో అనేకులు, విషయమునుగాని, వ్రాతనుగాని చక్కగా నేర్వకయే బడి విడిచినారు. తల్లి తెలుగున పలికిన మాటను, ఉపాధ్యాయుడు హిందీలో పలికిన మాటను, పొరుగువాడు బెంగాలీలో పలికిన మాటను ఒకే జత కండ్లు పెదవులనుండి ఏరుకొనుట ఎంత కష్టమో ఊహింపవచ్చును. అట్టి మనిషి చేతికి మద్యవిముక్తిని గురించిన చిన్న అక్షరముల కరపత్రమునిచ్చి పంపుట సహాయము కానేరదు.

అక్షరము మనిషికి అందినప్పుడు ఏమగునో చూపు ఉదాహరణ మన తెలుగు నేలలోనే ఉన్నది. 1991లో నెల్లూరు జిల్లాలో సంపూర్ణ అక్షరాస్యతా ఉద్యమము సాగినది. రాత్రిబడులలో స్త్రీలు చదివిన వాచకములో సీతమ్మ కథ అను పాఠముండినది. సారావలన గుల్లయిన సంసారము, గ్రామస్త్రీలు ఏకమై సారా అంగడిని మూయించిన వైనము ఆ పాఠమునకు విషయము. అది తమ కథయే అని దూబగుంట స్త్రీలకు తోచినది. 1992లో రోశమ్మ ముందు నిలువగా వారు తమ ఊరిలో సారా అంగడిని మూయించినారు. ఆ ఉద్యమము జిల్లాలు దాటినది. 1993 అక్టోబరు 1వ తేదీనుండి రాష్ట్రమున సారా నిషిద్ధమైనది. 1995 జనవరిలో సంపూర్ణ మద్యనిషేధము వచ్చినది, 1997లో అది సడలిపోయినది. నిషేధము నిలువలేదనుట నిజమే. కాని తమ భాషలో, తమ బ్రతుకును గురించి వ్రాసిన ఒక పాఠము వేలకొలది మనుష్యులను కదిలింపగలదనుటయు అంతే నిజము. అదే ఊరిలో పుట్టుబధిరురాలైన స్త్రీ ఒకతె ఉండినచో, ధ్వనినిబట్టి అక్షరము నేర్పు ఆ రాత్రిబడి ఆమెకు ఏమి నేర్పగలిగియుండును? తాగివచ్చిన భర్త చేతి దెబ్బ ఆమెకును తగిలియుండును. సీతమ్మ కథ మాత్రము తగిలియుండదు.

సైగలు భాష కావనియు, ఒట్టి అభినయమనియు లోకము చిరకాలము తలచినది. 1960లో విలియం స్టోకో అమెరికా బధిరుల సైగలకు తక్కిన భాషలవలెనే నిర్మాణమున్నదని నిరూపించినారు. మన దేశములో 1970ల చివర మదన్ వశిష్ఠ, తన అమెరికా సహచరులతో కలిసి ఢిల్లీ, కలకత్తా, బొంబాయి, బెంగుళూరు నగరములలోని బధిరుల సైగలను సేకరించి పరిశీలించినారు. హిమాచల ప్రాంతపు పల్లెలో పుట్టి, బాల్యముననే వినికిడి పోగొట్టుకొన్న పండితుడాయన. నగరములమధ్య పదభేదములున్నను ఆ సైగలు పరస్పరసంబంధము కలవేనని ఆ పరిశీలనలో తేలినది. తెలుగువానికిని, బెంగాలీవానికిని మధ్య దుబాసీ కావలసినచోట, తెలుగు బధిరునికిని, బెంగాలీ బధిరునికిని దుబాసీ అక్కర చాలవరకు ఉండదు. జంషెడ్‌పూర్ వంటి బహుభాషల పట్టణమునకు ఇది ఎంత మేలో వేరుగ చెప్పనక్కరలేదు. వినువారికి నాలుగు లిపులలో నాలుగు కరపత్రములు కావలెను. సైగల భాషలో చక్కగా తీసిన ఒక్క చలనచిత్రము నాలుగు ఇండ్లకును చాలును.

అట్టి ప్రయత్నము సాధ్యమేనా అని సందేహింపనక్కరలేదు. 1989లో అమెరికాలోని మినియాపొలిస్ నగరమున బధిరులకొరకే ప్రత్యేకముగా ఒక వ్యసనచికిత్సా విభాగమేర్పడినది. అక్కడ పనిచేసినవారు సైగల భాషలోనే మాటాడిరి. తమ గతమును వ్రాసి తెమ్మని రోగులను అడుగుటకు బదులు, బొమ్మలు గీసి చూపుమనిరి. తాగుడువలన పోయిన ఉద్యోగమును, విడిపోయిన ఇంటిని, చెరసాలను రోగి గీతలతో చూపి, తరువాత చేతులతో వివరించును. ఆల్కహాలిక్స్ అనానిమస్ సంఘముకూడ తన మూలగ్రంథమును అమెరికా సైగల భాషలోనికి మార్చి చలనచిత్ర రూపమున వెలువరించినది. గ్రంథమనగా ముద్రించిన కాగితములే అనుకొను అలవాటు మనది. అక్కడ మాత్రము ఒక మనిషి చేతులు, ముఖము, చూపు కలిసి గ్రంథమైనవి.

మన దేశమునను సాధనములు సిద్ధమగుచున్నవి. 2015లో భారతీయ సంజ్ఞాభాషా పరిశోధన శిక్షణ కేంద్రము ఢిల్లీలో ఏర్పడినది. 2018లో ఆ కేంద్రము 3,000 పదములతో చలనచిత్ర నిఘంటువును వెలువరించినది. 2019లో ఆ సంఖ్య 6,000, 2021లో 10,000 అయినది. చట్టమును వెనుకబడి లేదు. 2016 నాటి దివ్యాంగుల హక్కుల చట్టము సంభాషణ అను మాటకు అర్థము చెప్పుచు అందు సంజ్ఞాభాషను చేర్చినది. 2017 నాటి మానసిక ఆరోగ్యచట్టము మద్యదుర్వినియోగమువలన కలుగు మానసికస్థితులను తన పరిధిలోనికి తీసికొన్నది. రోగి సమ్మతి పొందునప్పుడు అతనికి అర్థమగు భాషలో, అర్థమగు రీతిలో విషయము చెప్పవలెనని ఆ చట్టమే విధించినది. ఈ రెండు చట్టములను పక్కపక్కన ఉంచి చదివినచో, బధిరుడైన మద్యపీడితునికి అతని భాషలో చికిత్స చెప్పుట దయాధర్మము కాదు, అతని హక్కు అని తేలును.

ఆ హక్కు ఆసుపత్రి మంచమువద్ద ఎట్లు కనబడునో చూతము. చాలకాలము మితిమీరి తాగినవాడు హఠాత్తుగా మానినచో చేతులు వణకును, చెమట పట్టును, కొందరికి మూర్ఛలు వచ్చును. రెండు మూడు దినములలో కొందరికి మతిభ్రమణము కలిగి, లేనివి కనబడును, అది ప్రాణాపాయస్థితి. అందుచేతనే అట్టివారు వైద్యుని పర్యవేక్షణలోనే తాగుడు మానవలెను. వైద్యుడు అడుగవలసిన ప్రశ్నలు అనేకము: కడపటిసారి ఎప్పుడు తాగితివి, ఎంత తాగితివి, ఇంతకు మున్ను మూర్ఛ వచ్చినదా, ఇప్పుడు ఏమి కనబడుచున్నది? బధిరుడు వీటికి చేతులతో జవాబు చెప్పవలెను. ఆ చేతులే వణకుచున్నవి. అతడు ఆందోళనతో చేతులు విసరినప్పుడు, ఉన్మాదమని భ్రమించి ఆ చేతులను మంచమునకు కట్టినచో, వినగల రోగి నోటికి గుడ్డకట్టినట్లే అగును. అపాయము తప్పింపవలసివచ్చి కట్టవలసిన సందర్భము నిజముగానే ఉండవచ్చును. ఆ క్షణమున పక్కన సైగల భాష తెలిసిన మనిషి ఉండుటయో లేకపోవుటయో చికిత్సకును, శిక్షకును మధ్యనున్న భేదము.

ఆ దుబాసీ ఎవరన్నది మరియొక ప్రశ్న. మన ఇండ్లలో సాధారణముగా ఆ పని బిడ్డల నెత్తిన పడును. పదేండ్ల బాలిక తన తండ్రి ఎంత తాగునో, తల్లిని ఎట్లు కొట్టునో వైద్యునికి నోటితో చెప్పి, వైద్యుని మందలింపును తండ్రికి చేతులతో చెప్పవలసివచ్చుట దారుణము. ఆమె సిగ్గుచేతనో భయముచేతనో ఒక మాట దాచును. చికిత్స అక్కడనే చెడును. పరాయి దుబాసీని పెట్టినను చిక్కు లేకపోలేదు. పట్టణమున బధిరులు కొద్దిమందియే. అందరికి అందరు తెలిసినవారే. పేరు బయటపడకుండుట అను నియమముమీద నిలిచిన సభలలో, వచ్చిన దుబాసీయే రేపు పెండ్లిలోనో, ఉద్యోగపు పరీక్షలోనో ఎదురుపడవచ్చును. కనుక రహస్యము కాపాడుదునని మాట ఇచ్చి, శిక్షణపొంది, జీతము పొందు దుబాసీలు కావలెను. అంతకంటె మేలైనది, తాగుడు మానిన బధిరులే ఇతర బధిరులకు తోడు నిలుచుట. విల్సన్, స్మిత్‌లు ఒకరికొకరు దొరికినట్లే బధిరునికి బధిరుడు దొరకవలెను. దూరపు పట్టణములలోని వారిని ఒకచోట చేర్చు దృశ్యసంభాషణ సాధనము నేడు అందరి చేతి ఫోనులలోను ఉన్నది.

భాషాంతరీకరణ వృత్తిగా గలవారు ఈ సందర్భమున చెప్పదగిన మాట ఒకటి ఉన్నది. హిందీలో ‘నశాముక్తి’ అనుదానిని మనము వ్యసనవిముక్తి అందుము. ‘నశా’ మైకమును చెప్పును, ‘వ్యసనము’ అలవాటును చెప్పును. ఒకటి ఒకనాటి రాత్రికి, మరియొకటి పదేండ్లకు సంబంధించినది. రెండు పొరుగుభాషల నడుమనే ఇంత ఎడమున్నప్పుడు, నోటిభాషకును సైగల భాషకును మధ్య మాటకు మాట పెట్టి పోలేము. మద్యమునెదుట తాను నిస్సహాయుడనని ఒప్పుకొనుట ఆ సంఘమువారి మొదటి మెట్టు. ‘నిస్సహాయత’ అను భావవాచకమును ఒక్క చేతిగుర్తుతో తేల్చినచో, బధిరుడు అంతకుముందే లోకము తనకు అంటగట్టిన అసహాయతగా దానిని గ్రహించును. ‘నీవు బలహీనుడవు’ అని అతడు బాల్యమునుండి చూచుచునే ఉన్నాడు. అతనికి చెప్పవలసినది వేరు: సీసా ఎదుట నీ పట్టు జారుచున్నది, పక్కన మనిషి ఉన్నప్పుడు నిలుచుచున్నది. అట్లే, ప్రపంచ ఆరోగ్యసంస్థ 1989లో వెలువరించిన పది ప్రశ్నల పట్టికలో తాగిన పరిమాణమును గ్లాసుల లెక్కన అడుగుదురు. హడియాను దొన్నెలతోను, గిన్నెలతోను తాగువానికి ఆ గ్లాసు ఏమి తెలియును? గిన్నెను చూపి అడిగినప్పుడే ప్రశ్న పూర్తియగును. ఇంకొకమాట: మన భాషలలో చెవిటి, మూగ, గూంగా, బహరా అనునవి పేర్లుగా కంటె తిట్లుగానే ఎక్కువ వాడుకలో ఉన్నవి. విముక్తి బోధించు కాగితమునందే తిట్టు కనబడినచో ఎవడు దానిని చేతబట్టును?

భుయ్యాడీహ్ వంటి వాడకు కావలసినవి అసాధ్యములు కావు. టెలిఫోను సంఖ్య పక్కన వ్రాతసందేశమునకును, దృశ్యసంభాషణకును వీలుండవలెను. చికిత్సాలయమున సైగల భాష తెలిసిన ఒక్క ఉద్యోగియైన ఉండవలెను. మత్తు దిగుదలలోని అపాయములను చెప్పు చిన్న చలనచిత్రము, బధిరుల చేతనే చెప్పించినది, కావలెను. రొదలో వినికిడి పోగొట్టుకొన్న వృద్ధ కార్మికునికి తెలుగులోను, హిందీలోను పెద్ద అక్షరముల పుస్తకము, సభలో పలుకు మాటలను అప్పటికప్పుడు వ్రాసి చూపు ఏర్పాటు కావలెను. వీటిని తయారుచేయునప్పుడు బధిరులు ఆ బల్లవద్ద కూర్చుండవలెను. 1880లో మిలాన్‌లో జరిగిన లోపము అదియే. వారిని గురించి వారు లేకుండ నిర్ణయించినారు. ఆ నిర్ణయపు ఫలమును నూటనలుబది ఏండ్లకు పైగా బధిరుల పిల్లలు అనుభవించినారు. మద్యవిముక్తి విషయమున మనము ఇప్పుడే మొదలుపెట్టుచున్నాము గనుక, ఆ లోపమును తప్పించుకొను అవకాశము మన చేతిలో ఉన్నది.